ఒమాహా టేబుల్ ఎక్కే ముందు

చిన్నా,

పోకర్‌లో రెండేసి ముక్కలు పంచే హోల్డెమ్ పక్కన పెట్టి, నాలుగేసి పంచే పాట్ లిమిట్ ఒమాహా నేర్చుకుంటున్నావనీ, త్వరలో కాసినోల ఊరు అట్లాంటిక్ సిటీ వెళ్లి ఆడతావనీ అక్క చెప్పింది. నీకా బుర్ర ఉందని నాకు గర్వమే. అయినా టెన్షన్‌గానే ఉంది.

చిన్న స్టేక్స్‌తో ఆడు. అద్దె డబ్బు ముట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా నీ హోల్డెమ్ అలవాటు గురించే. నా పాత రూమ్మేట్ ఒకడు లెక్కల్లో దిట్ట. ఒమాహా మీద దొరికిన పుస్తకమల్లా చదివాడు. చేతిలోంచి సరిగ్గా రెండు ముక్కలు, బోర్డు మీంచి, అంటే అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే ఐదింటిలోంచి, మూడు వాడాలన్న రూలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మొదటిసారి ఆడిన రోజే బోర్డు మీద నాలుగు ఆఠీన్లు పడ్డాయి. వీడి చేతిలో ఆఠీన్ ఆసు ఉంది, ఇంకో ఆఠీన్ లేదు. హోల్డెమ్‌లో అయితే చేతిలోంచి ఒక్కటే వాడినా చెల్లుతుంది, అక్కడ దాన్ని మించిన ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు) ఉండదు. పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, మొత్తానికి బెట్ కట్టాడు. అవతలి మనిషి ఆఠీన్ తొమ్మిది, నాలుగు చూపించాడు. అయినా వీడు చిప్స్ లాక్కోబోతుంటే డీలర్ చెయ్యి అడ్డం పెట్టి, రెండో ఆఠీన్ ఏదని అడిగాడు. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు.

రూలు తెలిసినా వాడి కన్ను దానికి అలవాటు పడలేదు. అందుకే ఇంట్లో పేక తీసి ఐదు ముక్కలు పరువు, నాలుగేసి పంచు. ఆ బోర్డుకి నట్స్, అంటే అన్నిటినీ గెలిచే కలయిక, ఏదో పైకి చెప్పు. నాలుగు ముక్కల్లో ఆరు జతలుంటాయి, ఆరూ చూడు. తడుముకోకుండా చెప్పగలిగేదాకా కాసినో గడప తొక్కకు.

అలాగని నెలల తరబడి వీడియోలు చూస్తూ కూర్చుంటే ఊరుకోను. మొదట చేతికొచ్చే ముక్కల కలయికలు హోల్డెమ్‌లో 1,326 అయితే, ఇక్కడ 2,70,725. ఎవడు కంఠస్థం చేస్తాడు? ఆడి వచ్చాక నిన్ను తికమక పెట్టిన ఒక్క చెయ్యి (ఒక పంపకం ఆట) రాసుకో, మర్నాడు దాని గురించే చదువు, మళ్లీ వెళ్లి ఆడు. గెలిచిన చేతులనూ వదలకు. ఆసుల జత రాగానే పొంగిపోకు. హోల్డెమ్‌లో రాజుల జత మీద అది నూటికి ఎనభైసార్లు గెలుస్తుంది. ఇక్కడ రెండు గుర్తుల్లో రెండేసిగా కుదిరిన ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు దానికి గట్టి పోటీ ఇస్తాయి.

చిన్నప్పుడు తాతయ్య రమ్మీ ఆడుతుంటే ఆయన భుజం మీంచి తొంగిచూసి, జోకర్ రాగానే నవ్వేసేవాడివి. ఆ మొహం ఇంకా మారలేదురా, జాగ్రత్త.

ఇండియా వచ్చినప్పుడు మాత్రం ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడొద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది.

ఓడిన రోజు అమ్మకి చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యి. ఎంత పోయిందని అడగను.

మామయ్య