కింది పళ్లసెట్టు కదులుతుంటే ఆరు ఇంప్లాంట్లు అక్కర్లేదు

కావలి నుంచి రాసిన అన్నా, మీ అమ్మగారికి పైసెట్టు బాగానే ఉంది, కిందిది అన్నం నములుతుంటే లేచిపోతోంది, డాక్టరు ఆరు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే స్క్రూలు) అన్నారని రాశారు. కిందిది కదలడం మామూలే. పైసెట్టుకి అంగిలి పట్టు ఉంటుంది. కింద అంత చోటు లేదు, పైగా నాలుక నెడుతుంటుంది, పళ్లు పోయాక దవడ ఎముకా తరిగిపోతుంది.

డాక్టరు చెప్పింది బహుశా ఊడదీయని బ్రిడ్జి, అంటే ఇంప్లాంట్ల మీద శాశ్వతంగా బిగించే పళ్లవరస గురించి. రోజూ తీసి పెట్టుకునే సెట్టుకైతే కింది దవడ ముందు భాగంలో రెండు చాలు. 2002లో కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు తేల్చిందీ అదే. టైటానియం స్క్రూ ఎముకలో కుదురుకోడానికి సుమారు మూడు నెలలు. ఆ తర్వాత సెట్టు అడుగున రబ్బరు రింగుల టోపీలు బిగిస్తారు, నొక్కితే స్క్రూల తలల మీద టిక్కుమని కూర్చుంటుంది. రింగులు అరుగుతాయి, మారుస్తుండాలి. ఆ ఖర్చు ముందే అడగండి, చాలామంది చెప్పరు. రాత్రి తీసి కడిగి నీళ్లలో వేయాల్సిందే.

షుగరు అదుపులో ఉండాలి. ఎముకల బలానికి మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే మొదట ఆ మాటే చెప్పండి. డబ్బు కట్టేముందు నెల్లూరులో డెంటల్ కాలేజీకి వెళ్లి, కట్టుడు పళ్ల విభాగంలో ఇంకో మాట అడగండి. ఇప్పటి సెట్టు బాగుంటే దానికే టోపీలు బిగించే వీలూ ఉంటుంది.