రెండు తెరలున్నా ఎడిటర్ ఒక్కటే ఉండాలి

చిరంజీవికి ఆశీస్సులు.

రెండో మానిటర్ కొన్నావని, ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే దారి) సర్వర్‌లోకి వెళ్లి రెండు తెరల మీదా ఒకే ఫైలు విమ్ అనే ఎడిటర్‌లో తెరుచుకుంటున్నావని రాశావు. చదవగానే గుండె గుభేలుమంది. నేను మునిగింది సరిగ్గా అక్కడే.

రెండో విమ్ తెరవగానే స్వాప్ ఫైలు (తెరిచిన ఫైలుకి విమ్ పెట్టుకునే తాత్కాలిక ఫైలు) ఉందని హెచ్చరించింది. ఎప్పుడూ ఉండే గోలే కదా అని ‘ఈ’ నొక్కి లోపలికి పోయాను. మధ్యాహ్నమంతా ఎడమ తెరలో రాసి సేవ్ చేశాను. సాయంత్రం కుడి తెరలో ఒక్క అక్షరం దిద్ది సేవ్ కొడితే, ‘నువ్వు చదివాక ఫైలు మారింది, నిజంగా రాయమంటావా?’ అని అడిగింది. ‘వై’ కొట్టాను. పూటంతా చేసిన పని గంగపాలు. పాపం విమ్ రెండుసార్లు చెప్పింది, విననిది నేనే.

ఒక విమ్ రెండు టెర్మినళ్లలోకి (ఆదేశాలు టైపు చేసే కిటికీల్లోకి) పాకదు. అందుకని నేను టెర్మినల్ కిటికీనే రెండు మానిటర్ల మీదికి సాగదీసి, లోపల విమ్‌ని నిలువుగా రెండు భాగాలు చేసే వీస్ప్లిట్ కొడతాను. నిలువు గీతను కంట్రోల్-డబ్ల్యూ తర్వాత ‘>’ గుర్తుతో జరుపుకుంటూ పోతే సరిగ్గా రెండు మానిటర్ల అంచులు కలిసే చోటికి వస్తుంది. ఎడమ తెరలో ఫంక్షన్ మొదలు, కుడి తెరలో దాని చివర. ఒకచోట మారిస్తే రెండోచోటా అప్పుడే మారుతుంది. రెండు మానిటర్ల ఎత్తు ఒకటి కాకపోతే మాత్రం కాస్త చిరాకే.

ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ నేర్చుకునే ఓపికుంటే ఇంకా హాయి. సర్వర్‌లో డీమన్‌గా (తెర వెనక నడుస్తూనే ఉండే ప్రోగ్రాంగా) ఒక్కసారి నడిపించు. ఒక్కో టెర్మినల్‌లోంచి ఈమ్యాక్స్‌క్లయింట్‌ను ‘మైనస్ టి’తో పిలువు. ఎన్ని తెరలు తెరిచినా లోపలి బఫర్లు (తెరిచిన ఫైళ్ల రాతలు) అవే. లైను తెగితే ఆ తెర పోతుంది గానీ, సేవ్ చేయని రాత కూడా డీమన్ దగ్గర పదిలంగా ఉంటుంది.

విమ్‌కి ఆ ధీమా టీమక్స్ ఇస్తుంది. లైను తెగినా టెర్మినల్‌లోని పనిని సర్వర్‌లో నడిపిస్తూ ఉంచే ప్రోగ్రాం అది, అలా నడిచే పనిని సెషన్ అంటుంది. ఒక చిక్కుంది: రెండు టెర్మినళ్ల నుంచి ఒకే సెషన్‌కి అటాచ్ అయితే రెండింటిలోనూ ఒకే బొమ్మ. రెండో దాంట్లో న్యూ-సెషన్‌కి ‘మైనస్ టి’ పెట్టి పాత సెషన్ పేరివ్వు. విండోలు ఉమ్మడిగా ఉంటాయి, ఏ తెరలో ఏది చూడాలో నీ ఇష్టం. ఎస్కేప్ నొక్కాక విమ్ తడబడుతోందంటే నెట్‌ని తిట్టకు. టీమక్స్ పాత వెర్షన్లలో ఎస్కేప్-టైమ్ (ఎస్కేప్ నొక్కాక ఆగి చూసే సమయం) 500 మిల్లీసెకన్లు ఉంటుంది, 20కి దించు.

ప్రతి టెర్మినల్‌కీ పాస్‌వర్డ్ కొట్టలేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ కన్ఫిగ్‌లో కంట్రోల్‌మాస్టర్, కంట్రోల్‌పాత్ అనే సెట్టింగులు పెట్టుకో. అన్నీ ఒకే కనెక్షన్ మీద నడుస్తాయి, తెగితే అన్నీ ఒకేసారి తెగుతాయి. టీమక్స్ ఉంటే దానికి టెన్షన్ లేదు.

ముందు ఇప్పుడు తెరిచి ఉన్న ఆ రెండో విమ్‌ని సేవ్ చేయకుండా మూసెయ్. అందులో ఏమైనా రాసి ఉంటే, వేరే పేరుతో సేవ్ చేశాకే సుమా.

ఇట్లు,
మీ మామయ్య