రోబో ఫిజియోలో లెవెల్ పెంచమని అడగొచ్చా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. శ్రీకాకుళం నుంచి విశాఖ తీసుకెళ్లి రోబో మీద ఫిజియో చేయిస్తున్నారు, అంటే మోటారున్న హ్యాండిల్ పట్టుకుని కదుపుతూ స్క్రీన్ మీది పళ్లని బుట్టలో వేసే ఆట. మొదట్లో హుషారుగా చేసినాయన ఇప్పుడు ‘ఆ పళ్ల ఆట నాకొద్దు’ అంటున్నారు. లెవెల్ పెంచమని అడగాలా అని.

అడగండి. అయితే పెంచాలో తగ్గించాలో ముందు తేల్చుకోవాలి. నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖలో ఇలాంటి మిషన్ మీదే కొన్నాళ్లు పనిచేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఆట మరీ సులువైపోయినా విసుగొస్తుంది, ఎంత తంటాలు పడినా పండు బుట్టలో పడకపోయినా విసుగొస్తుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం రెండూ ‘రానని మొండికేస్తున్నాడు’ లాగే కనిపిస్తాయి.

పలాస వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. స్క్రీన్ మీద స్కోరు బ్రహ్మాండం. ఒకరోజు హ్యాండిల్ పట్టుకునే నావైపు తిరిగి, “ఏటి బాబూ, ఇది నానాడతన్నానా, మిషనాడతందా?” అన్నారు. మోచేతి పైన వెనక కండ మీద వేళ్లు పెట్టి చూస్తే మెత్తగా ఉంది, బిగువే లేదు. సాయం ఎక్కువ పెట్టి ఉండటంతో చెయ్యి మిషన్ మీద వాలిపోయి ఊరుకుంది. బయటినుంచి సాయం దొరికితే శరీరం తన కష్టం తగ్గించేసుకుంటుంది. అందుకే ‘అవసరమైనంతే సాయం’ అనే పద్ధతి వచ్చింది: ముందు మనిషే కదపాలి, ఆగిపోయినచోట మాత్రమే మోటారు అందుకోవాలి. సాయం కొంచెం తగ్గించాం. స్కోరు పడిపోయింది, ఆయన విసుక్కున్నారు, కానీ మర్నాడు టైముకన్నా ముందే వచ్చి కూర్చున్నారు.

గురి ఎంత దూరంలో ఉండాలి, ఎంత పెద్దగా ఉండాలి, ఎంత వేగంగా రావాలి, చేతి బరువులో మిషన్ ఎంత మోయాలి, ఇవన్నీ మార్చొచ్చు. ఒకసారికి ఒకటే మార్చాలి, లేకపోతే దేనివల్ల తడబడ్డారో తెలీదు. నేనైతే పదింటిలో ఏడెనిమిది అందేలా పెడతాను. నిద్రలేని రోజు, బస్సులో నలిగొచ్చిన రోజు నిన్నటి లెవెలు కూడా బరువే.

కొన్ని మిషన్లు లెవెల్ వాటంతటవే మార్చుకుంటాయి. మంచిదే. కానీ హ్యాండిల్ ఎక్కడికి కదిలిందో చూసే మిషన్‌కి మనిషి ఎలా కదిపాడో తెలీదు. చెయ్యి చాచకుండా నడుం వంచి, భుజం ఎగరేసి గురి అందుకున్నా శభాష్ అని లెవెల్ పెంచేస్తుంది. మీరు పక్కన కూర్చున్నప్పుడు స్క్రీన్ వదిలేసి నాన్నగారి వీపు చూడండి, కుర్చీకి ఆని ఉందా, లేచిపోతోందా అని. ఇంకోటి, ఎడమవైపు పడిపోయినవాళ్లలో కొందరికి ఎడమపక్కనున్నది కళ్లెదుటే ఉన్నా ధ్యాసలోకి రాదు. ఆ పక్క పళ్లే వరసగా వదిలేస్తుంటే థెరపిస్టుకి చెప్పండి, అది చేతి బలహీనత కాకపోవచ్చు.

మీరు అడగలేదు గానీ, రానూపోనూ రెండొందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి చెబుతున్నాను. బ్రిటన్‌లో 770 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మామూలు వైద్యం పొందినవాళ్లకంటే రోబో మీద చేసినవాళ్ల చేతి పనితనం ఎక్కువేమీ మెరుగుపడలేదు. అప్పుచేసి మరీ తిప్పకండి. ఇంట్లో ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి ముందు ఉల్లిపాయలు, తర్వాత చింతపిక్కలు మార్పించండి, పళ్లేన్ని కొంచెం కొంచెం దూరం జరుపుతూ. పలాస పెద్దాయనకైతే జీడిపప్పే ఇచ్చాం, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు. తెలిసిన పని కదా, చాలన్నా ఆపేవారు కాదు.

నాన్నగారికి భుజం నొప్పి ఉందేమో కూడా అడగండి. చాలామంది చెప్పరు, రానంటారంతే. నొప్పి ఉంటే లెవెల్ మాట తర్వాత, ముందు డాక్టరుకి చూపించండి.