మీ ఐదుగురి దీవి గురించి

కన్నా,

రాత్రి నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక, నీళ్లమీదకి వంగిన కొబ్బరిచెట్టు. "పెద్దమ్మా, ఏడాది తిరిగేలోపు మేం ఐదుగురం ఇలాంటి చోట ఉండాలి, ఎక్కడికెళ్లమంటావో నువ్వే చెప్పు" అన్నావు. చెప్తాను. ముందు నాకొకటి చెప్పు. ఆ చెట్టు కింద మీలో ఒక్కొక్కరూ ఏం చేస్తున్నట్టు ఊహించుకుంటున్నారు?

ఊరికే అడగడం లేదు. నీ వయసులో మేం నలుగురం స్నేహితురాళ్లం రెండేళ్లపాటు ఒక దీవిని కలగన్నాం. వెళ్లిన రెండోరోజుకి తెలిసింది, మా నలుగురి మనసుల్లో ఉన్నవి నాలుగు వేరువేరు దీవులని. ఒకావిడ పసిబిడ్డ తల్లి, ఆమెకి కావలసింది కంటినిండా నిద్ర. ఇంకొకామె తెల్లవారకముందే లేచి ఊరంతా తిరగాలంటుంది. నాకేమో నీళ్లడుగున చేపల్ని చూడాలని. నాలుగో ఆమెకి అసలు నీళ్లంటేనే భయం. ఆ మాట రెండేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. రేవులో పడవ ఎక్కబోయేటప్పుడు ఆమె ముఖం చూస్తే గానీ మాకు తెలియలేదు. తెలిశాక కూడా మేం ఓదార్చలేదు, విసుక్కున్నాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి టికెట్ల జోలికి వెళ్లకముందే ఐదుగురూ ఒక సాయంత్రం కూర్చోండి. ఎవరి కాగితం వాళ్లు, పక్కవాళ్లది చూడకుండా రెండు సంగతులు రాయండి: అక్కడ ఒక్కరోజు నా ఇష్టప్రకారం గడిస్తే ఎలా ఉండాలి, ఏది మాత్రం నావల్ల కాదు. ఆ రెండోదే అసలైనది. నలుగురిలో నోటితో చెప్పలేనిది కాగితం మీదైతే వస్తుంది.

ఇక కాలం. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్య ఉన్న చోటల్లా ఏడాది పొడుగునా ఎండ కాస్తుందనుకుంటారు. అక్కడ వేడి ఎప్పుడూ ఉంటుంది నిజమే, కానీ చూసుకోవాల్సింది వానల్ని. మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా తెరిపిగా ఉంటుంది, మే వచ్చేసరికి నైరుతి గాలులు మొదలవుతాయి. బాలి భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది, అక్కడ లెక్క తిరగబడుతుంది: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి, నవంబరు నుంచి మార్చి దాకా వాన. థాయిలాండ్ అయితే ఒకే దేశంలో రెండు లెక్కలు. పడమటి వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలైతే, తూర్పున ఉన్న సముయ్ దీవిలో అవి జోరందుకునేది అక్టోబరు, నవంబరుల్లో. కరేబియన్ వైపు జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలమని లెక్క.

అందుకే చోటు ఎంచుకుని సెలవు వెతుక్కోకండి. ఐదుగురికీ సెలవు కుదిరే నెల ముందు ఖాయం చేసుకోండి, ఆ నెలలో ఎక్కడ ఎండ కాస్తుందో చూడండి, మీ చోటు దానంతటదే తేలుతుంది. వానల్లో గదులు చవకగా వస్తాయి, అలా వెళ్లడం తప్పనను. చాలాచోట్ల ఒక జల్లు కురిసి వెలిసిపోతుంది కూడా. కానీ సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు ఆపేస్తారు, చిన్న దీవుల్లో ఇరుక్కుపోతారు. తిరుగు విమానానికి ముందురోజు రాత్రికల్లా విమానాశ్రయం ఉన్న ఊరికి చేరిపోండి. అలాగే అక్కడి పండుగలు చూసుకోండి. బాలిలో ఏటా వసంతకాలంలో వచ్చే మౌనదినం నాడు విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు.

డబ్బు గురించి మాట్లాడటానికి మొహమాటపడకండి. ఎంత పెట్టగలరో ఒక్కొక్కరూ అంకె చెప్పాలి. అన్నిటికన్నా తక్కువ అంకె ఎవరిదైతే వాళ్లకి తగ్గట్టే గది, తిరుగుడు కుదుర్చుకోండి. ఎక్కువ పెట్టగలిగినవాళ్లు "తేడా మేం వేస్తాంలే" అంటే, మంచి మనసుతో అన్నా సరే, పుచ్చుకున్న పిల్ల ఆ వారమంతా నోరు మెదపదు. పాస్‌పోర్టులు కూడా ఆరోజే చూసుకోండి. ఇండోనేషియా లాంటి దేశాల్లో అడుగుపెట్టేనాటికి ఇంకా 6 నెలలు గడువు ఉండాలి.

సముద్రం గురించి మాత్రం పెద్దదానిగా గట్టిగా చెప్తున్నాను. ఒడ్డునుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహాలుంటాయి. అలల మధ్య నీళ్లు ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు అవి ఉంటాయి. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలసిపోతారు. నీళ్లమీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ప్రవాహం దాటాక ఒడ్డుకి తిరగాలి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు. డైవింగ్ చేస్తామంటే దాన్ని ఆఖరిరోజుకి పెట్టుకోకండి. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి. ఎండకి రాసుకునే క్రీము రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి, మబ్బు పట్టినా సరే. డెంగీ దోమ పగలే కుడుతుంది, దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు కూడా సంచిలో ఉండాలి.

పగడాల మీద కాలు మోపకండి, దేన్నీ తుంచి తేకండి. థాయిలాండ్‌లో మాయాబే అనే చిన్న తీరం జనం తొక్కిడికి పాడైపోతే 2018లో మూసేశారు, మళ్లీ తెరిచేసరికి 2022 వచ్చింది.

మా నాలుగో ఆమె కథ పూర్తి చెయ్యలేదు కదూ. ఆఖరిరోజు పొద్దున ఆమె ఒక్కతే వెళ్లి అలలు అందీ అందనట్టు ఉండే తడి ఇసుకలో కూర్చుంది. మేం ముగ్గురం వెళ్లి పక్కన కూర్చున్నాం. ఎవరం ఏం మాట్లాడలేదు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని రెండడుగులు ముందుకి జరిగింది. నడుం దాకా తడిసి నలుగురం దిగిన ఫొటోయే, నా గదిలో బల్లమీద ఉండేది.

కాగితాలు రాయడం అయ్యాక ఫోన్ చెయ్యి. ఎవరు ఏం రాశారో నాకు చెప్పక్కర్లేదు, ఏ నెల కుదిరిందో చెప్పు చాలు.

మీ పెద్దమ్మ