ఘాట్ ఎక్కగానే ముల్లు ఎరుపులోకి పోతుంటే...

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది 2006 మోడల్ ఆరు టైర్ల లారీ. టర్బో ఇంజన్, రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే జాలీ), విస్కస్ ఫ్యాన్. వారంలో మూడు రోజులు పోర్టు నుంచి బొగ్గు, మిగతా రోజులు అరకు వైపు సిమెంటు తోలుతాను. హైవే మీద ఎంత లోడున్నా ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంటుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన అరగంటకే ఎరుపు దగ్గరకు పోతోంది. వాటర్ పంపు మార్చాను, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేయించాను, రేడియేటర్ దించి లోపలి గొట్టాలు శుభ్రం చేయించాను. పదిహేను వేలు అయ్యాయి. ఇప్పుడు హెడ్ (ఇంజన్ పై భాగం) దించాలంటున్నారు. దించమంటారా?
– ఓనర్ కమ్ డ్రైవర్, గాజువాక

జవాబు: వద్దు తమ్ముడూ, ఇప్పుడే హెడ్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. హైవే మీద బాగుంది, ఘాట్‌లో వేడెక్కుతోంది అన్నారు. అరవైలో పోయే బండికి ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని పడదు. ఘాట్‌లో రెండో గేరు, మూడో గేరు, స్పీడు పదిహేను. ఇంజన్ మాత్రం ఉన్న బలమంతా పెట్టి లాగుతుంటుంది. అక్కడ గాలి మొత్తం ఫ్యానే లాగాలి. కాబట్టి ముందు అనుమానించాల్సింది నీళ్లను కాదు, గాలిని. హైవేలో స్పీడు పెరిగేకొద్దీ వేడెక్కేదైతే నేనూ రేడియేటర్ లోపలికే చూసేవాణ్ణి. పొద్దున్నే స్టార్ట్ చేసిన పది నిమిషాలకే ముల్లు లేస్తే థర్మోస్టాట్ విప్పేవాణ్ణి. ఎప్పుడు వేడెక్కుతోందని అడగకుండా స్పానర్ అందుకోవడం వల్లే మీ పదిహేను వేలూ పోయాయి. అది నెల కిస్తీ కట్టాల్సిన డబ్బు. నాకు నిజంగా బాధగా ఉంది.

ముందు ఫ్యాన్ చూడండి. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, తాళం చెవి జేబులో పెట్టుకుని, రెక్కను చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా తిరిగి వెంటనే ఆగిపోవాలి. బొంగరంలా రెండు మూడు చుట్లు తిరిగితే ఫ్యాన్ మధ్యలోని విస్కస్ యూనిట్ అయిపోయినట్టే. రెక్క కొసను పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. బాగా ఊగితే లోపలి బేరింగ్ పోయింది. ఈ యూనిట్ లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. ముందు భాగంలో రెండు లోహాలు కలిపి చేసిన చిన్న పట్టీ ఉంటుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ పట్టీ వంగి వాల్వు తెరుస్తుంది, ఆయిల్ లోపలి గదిలోకి వచ్చి ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఆయిల్ కారిపోతే ఆ పట్టు ఉండదు. ఇంజన్ ఎంత తిరిగినా ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతుంది. హబ్ మధ్య నుంచి అంచు వైపు, చక్రం ఆకుల్లా, తడిగా నల్లటి చారలు కనిపిస్తున్నాయేమో టార్చి వేసి చూడండి. అది కారిన సిలికాన్ ఆయిల్ మీద పేరుకున్న బొగ్గు దుమ్ము. పోర్టు బళ్ల మీద ఆ చారలు మరీ స్పష్టంగా ఉంటాయి.

చెవికీ ఒక పరీక్ష ఉంది. ఘాట్‌లో ముల్లు బాగా లేచినప్పుడు ముందు నుంచి హోరు వినపడాలి. ఆ హోరు లేదంటే ఫ్యాన్ పట్టుకోవడం లేదు. యూనిట్ కొత్తది వేయించండి. వెల్డింగ్ కొట్టిస్తే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎప్పుడూ ఇంజన్‌తో పాటే తిరిగి డీజిల్ తింటుంది, రెక్క విరిగిందంటే రేడియేటర్‌ను చీల్చేస్తుంది.

ఫ్యాన్ బాగుంటే తర్వాత దుమ్ము. గత వేసవిలో ఆటోనగర్‌లో మా షెడ్డుకు మీలాంటి బండే ఒకటి వచ్చింది. ముందు నుంచి టార్చి వేస్తే జాలీ అద్దంలా ఉంది. వెనక నుంచి చూసినా శుభ్రమే. ఇంటర్‌కూలర్ బోల్టులు వదులు చేసి నాలుగు వేళ్లు పట్టేంత ముందుకు లాగాం. రేడియేటర్‌కూ దానికీ మధ్య బొగ్గు పొడి, డీజిల్ పొగ జిడ్డు, ఎండుటాకులు కలిసి పెనం మీద అట్టులా అంటుకుని ఉన్నాయి. కుర్రాడు అంచు పట్టుకుని లాగితే అరచేతి వెడల్పు ముక్కలు ఊడొచ్చాయి. ఒక బకెట్టులో సగం నిండింది. ఆ బండికి అంతకుముందే రెండు పంపులు మార్చారట.

మీదీ అలాగే విప్పి చూడండి. సబ్బు నీళ్లు చల్లి పావుగంట నాననిచ్చి, ఫ్యాన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టండి. దుమ్ము వచ్చిన దారినే బయటికి పోవాలి. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే జాలీ రేకులు పడుకుంటాయి, ఇక గాలి దూరదు. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, అదే కౌల్, కూడా చూడండి. రేడియేటర్ దించి ఎక్కించిన ప్రతిసారీ దాని బోల్టులు రెండు తగ్గుతాయి, ఒక మూల విరుగుతుంది. కౌల్ సరిగా లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ నుంచి కాక పక్కల నుంచి వేడి గాలినే లాగి మళ్లీ ఇంజన్ మీదకు తోస్తుంది. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకంటే ఎక్కువ దిగితే బిగించండి.

తీసి పారేసిన థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి. చాలా ఇంజన్లలో అది లేకపోతే బైపాస్ దారి తెరిచే ఉండిపోతుంది. సగం నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి. కొత్తది కొన్నాక గిన్నెలో నీళ్లు కాచి, దారంతో వేలాడదీసి తెరుచుకుంటోందో లేదో చూసి బిగించండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున్న అరకులో మూత పట్టు లేకపోతే వట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా వేడెక్కితే అప్పుడు హెడ్ సంగతి. చల్లని ఇంజన్‌లో మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉన్నా హెడ్ కింద ఉండే గ్యాస్కెట్ పోయినట్టే.

ఇంకొక్క మాట. దారిలో ఆవిరి వస్తే మూత ముట్టుకోవద్దు. పని నేర్చుకునే రోజుల్లో కాన్వెంట్ జంక్షన్ దగ్గర తొందరపడి తీశాను. కుడి ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. కనీసం ముప్పావుగంట ఆగండి. ముల్లు ఎరుపు నుంచి హఠాత్తుగా కిందికి పడితే సంబరపడొద్దు. నీళ్లు అయిపోయి సెన్సర్ ఖాళీలో ఉందేమో, వెంటనే ఇంజన్ ఆపేయండి. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు, చేపలు తోలే పాత చిన్న ట్రక్కు మాది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరగదు. ఫ్యాన్ స్విచ్‌కు రెండు వైర్లే. మోటారు మార్చాలా?
– జాలారిపేట

జవాబు: ఒక్కోసారి తిరుగుతోందంటే మోటారు కంటే ముందు కనెక్టర్‌ను అనుమానించాలి. ఉప్పు నీళ్లు కారే బండిలో, సముద్రపు గాలిలో, రాగి మీద పచ్చటి పొర పుడుతుంది. ఫ్యూజ్, రిలే కాళ్లు, ఎర్త్ బోల్టు, రేడియేటర్‌కు బిగించిన స్విచ్ – ఈ నాలుగు చోట్లా గీకి శుభ్రం చేసి గ్రీజు రాయండి. తర్వాత కీ ఆన్ చేసి, స్విచ్ రెండు వైర్లూ ఒకదానికొకటి కలపండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది, అది మారిస్తే చాలు. తిరగకపోతే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో ఫ్యూజ్ పెట్టి, కరెంటు ఇచ్చి చూడండి. అప్పటికీ కదలకపోతేనే మోటారు. ఈ ఫ్యాన్లు ఇంజన్ ఆగి ఉన్నా తిరగగలవు. వేళ్లు పెట్టే ముందు బ్యాటరీ వైరు తీయండి.

ప్రశ్న: కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?
– మధురవాడ

జవాబు: బిందె అడుగున పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది, తుప్పూ పడుతుంది. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయండి. పాత కూలెంటు దించేటప్పుడు పళ్లెంలో వదిలేయకండి. తియ్యగా ఉంటుందని షెడ్డు కుక్కలు తాగుతాయి, కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. మూతున్న డబ్బాలో పోసి, పిల్లల చేతికి అందని చోట పెట్టండి.