బెరడు ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు కోసమని తెల్లమద్ది, నేరేడు బెరడు తెచ్చి డాబా మీద ఆరబెడుతోంది. దాని సారం బాక్టీరియాను ఆపుతుందో లేదో చూస్తుందట. దీంతో ఉద్యోగం వస్తుందా? సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ముందుగా, బెరడును ఎండలో పెట్టకుండా నీడన ఆరనివ్వమనండి. బాక్టీరియాతో చేసే పని మాత్రం కాలేజీ ల్యాబ్‌లోనే జరగాలి, ఇంట్లో వద్దు.

ఇక ఉద్యోగం సంగతి. ఇంటర్వ్యూలో ఏ చెట్టని అడగరండీ, కంట్రోల్, అంటే పోల్చి చూడ్డానికి పక్కన ఏం పెట్టావని అడుగుతారు. మిథనాల్‌తో తీసిన సారాన్ని ఆరబెట్టి, సాధారణంగా డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, బాక్టీరియా పూసిన అగర్ ప్లేట్‌లోని (జెల్లీలాంటి పదార్థం పోసిన పళ్లెంలోని) గుంటల్లో పోస్తారు. పక్క గుంటలో ఉత్త డీఎంఎస్‌ఓ, ఇంకో దాంట్లో సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి, బాక్టీరియాను ఆపుతుందని తెలిసిన మందు ఉండాలి. ఉత్త ద్రావకమే బాక్టీరియాను చంపుతుంటే ఆ ఘనత బెరడుది కాదు కదా! మర్నాడు గుంట చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. బెరడులో టానిన్లనే వగరు పదార్థాలు ఎక్కువ కాబట్టి గోధుమరంగు మరక కూడా పాకుతుంది. దాన్నే వలయమనుకుని కొలిచేసే పిల్లలున్నారు. వలయం పెద్దదైతే మందు గట్టిదనీ అనుకోకూడదు, సారం అగర్‌లో ఎంత పాకిందన్నదాన్ని బట్టి కూడా అది మారుతుంది. అందుకే ఎంఐసీ, అంటే పెరుగుదలను ఆపే కనీస మోతాదు కూడా తేల్చమనండి. చాలా ప్రాజెక్టులు అక్కడిదాకా వెళ్లవు, వెళ్తే మీ అమ్మాయికి మంచి మార్కు.

ఈ చేతిపనే పరవాడ ఫార్మాసిటీ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ మైక్రోబయాలజీలో అక్కరకొస్తుంది. అక్కడ నీటి పరీక్ష, స్టెరిలిటీ టెస్ట్ (మందులో సూక్ష్మజీవులు లేవని చూసే పరీక్ష) లాంటివే రోజువారీ పని, బెరడు ఊసే ఉండదు. మొదట్లో జీతం గొప్పగా ఉండదనే అనుకోండి. మూలికల పరిశోధనే కావాలంటే బీఎస్సీ చాలదు. ఎమ్మెస్సీ, ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కి రాసే పరీక్ష), పీహెచ్‌డీ. బెరడులో పనిచేసే అణువేదో విడదీయాలి కాబట్టి కెమిస్ట్రీ బాగా రావాలి. ఆంధ్రా యూనివర్సిటీలో సీటుకి ఏపీ పీజీసెట్ రాయించండి.

సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి అమ్మాయిదా, మీదా? మీదే అయితే టెన్షన్ పడకుండా ప్రాజెక్టు పూర్తి చేయనివ్వండి. పరవాడ వైపే మొగ్గితే రాత్రి షిఫ్టులున్నాయా, గాజువాకకు కంపెనీ బస్సుందా అన్నది చేరకముందే కనుక్కోండి.