ఫోటో కింది రెండు వరుసలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి సంతోషమూ దిగులూ కలిసి నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పేజీలోని భాగాల పేర్లు వారంలో నోటికి వస్తాయి. పత్రిక పేరుండే పై పట్టీ మాస్ట్‌హెడ్, దానికి అటూ ఇటూ ఉండేవి ఇయర్ ప్యానెళ్లు, ఎనిమిది కాలమ్‌ల మీదుగా పరిచేది పతాక శీర్షిక, పేజీ అడుగున వేసే కథనం యాంకర్. పేజీ సంఖ్య, తేదీ ఉండే ఫోలియోను రోజూ సరిచూడు. ‘తరువాయి 2లో’ అని వేస్తే రెండో పేజీలో ఆ తరువాయి ఉందో లేదో చూడు. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుల పేర్లుండే ఇంప్రింట్ లైన్ చట్టం కోరేది కనుక, స్థలం చాలలేదని దాని జోలికి పోకు.

ఈ ఉత్తరం మాత్రం ఫోటో కింది వ్యాఖ్య కోసం రాస్తున్నాను. డెస్కులో దాన్ని రైటప్ అంటారు.

1986లో నేను జిల్లా పేజీ చూసేవాణ్ణి. అప్పట్లో అక్షరాలు బ్రోమైడ్ కాగితం మీద వచ్చేవి. వాటిని బ్లేడుతో కోసి పేజీ షీటు మీద అతికించేవారు. ఫోటో ఒక ముక్క, దాని వ్యాఖ్య వేరొక ముక్క. ఒక రాత్రి రెండు చిన్న ఫోటోలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడిది, మరొకటి లారీ ప్రమాదంలో మరణించిన రైతుది. శీర్షికలు రెండుసార్లు చదివిన నేను ఫోటోల కింద ఒక్కసారీ చదవలేదు. వ్యాఖ్యలు తారుమారయ్యాయి. అతికించినవారి పొరపాటని ఆనాడు అన్నాను కానీ, పేజీ చూసి సంతకం పెట్టింది నేనే.

తెల్లవారి అత్తవారింట పత్రిక చూసిన మాష్టారి కూతురు, దొరికిన బస్సెక్కి ఏడుస్తూ వచ్చి, అరుగు మీద కూర్చున్న తండ్రిని చూసి వీధిలోనే కూలబడిపోయిందట. క్షమాపణకు వెళ్లిన నాకు ఆయన మజ్జిగ ఇప్పించారు, ఒక్క మాట అనలేదు. మరునాడు సింగిల్ కాలమ్‌లో సవరణ వేశాం. ‘ఘన సన్మానం’ అన్న మాటల పైన తమ మనిషి ముఖం చూసుకున్న ఆ రైతు ఇంటికి వెళ్లడానికి మాత్రం నాకు కాళ్లు రాలేదు. ఇప్పటికీ నన్ను నిలదీసేది ఆ వెళ్లని ఇల్లే.

చిన్నప్పుడు లెక్క పూర్తికాగానే సరిచూడకుండా పలక బోర్లించి ఆటకు పరుగెత్తేదానివి. ఇక్కడ అది కుదరదని గట్టిగానే చెబుతున్నాను. అయితే తోటి పిల్లల పేరు ఎవరైనా తప్పుగా పలికితే ఊరుకోని దానివి కూడా నువ్వే, తల్లీ. అది తలచుకునే కొంత ధైర్యంగా ఉన్నాను.

ఇప్పుడు బ్లేడూ గమ్మూ లేవు కానీ, కంప్యూటర్లో ఫోటో మార్చినా కింద పాత వ్యాఖ్య అలాగే ఉండిపోతుంది. అందుకని ప్రింటు తీసి, ఒక్కో ముఖం మీద వేలు పెట్టి పేరు పైకి చదువు. గ్రూపు ఫోటోలో తలలు, పేర్లు లెక్క సరిపోవాలి. మరణించినవారి ఫోటో అయితే, అర్ధరాత్రి అయినా, విలేకరి విసుక్కున్నా, ఫోన్ చేసి అడిగి తెలుసుకో.

నీ చేతి మీదుగా వెళ్లిన మొదటి పేజీని నాకు పోస్టులో పంపించు. శీర్షికలు తరువాత చదువుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న